బిర్సా చివరి గంటలు ఎవరు రాశారు?

ప్రతి ఏటా నవంబరు 15న మన బడుల్లో బిర్సా ముండా పటానికి దండ వేస్తున్నాం. 2021 నుంచి కేంద్ర ప్రభుత్వం ఆ రోజును జనజాతీయ గౌరవ దినోత్సవంగా ప్రకటించింది. పిల్లలు విల్లంబులు పట్టుకుని నిలబడతారు, మేము ఉపన్యాసం చెబుతాం. చివర్లో "1900 జూన్ 9న రాంచీ జైల్లో కలరాతో మరణించాడు" అని ఒక్క వాక్యం చదివి, చాక్లెట్లు పంచి ముగిస్తాం.

జూన్ 9న మన బడులు తెరవరు. అవి వేసవి సెలవులు. అందుకే బిర్సా పుట్టినరోజు మన పిల్లలకు తెలిసినంతగా ఆయన పోయిన రోజు తెలియదు.

ఒక ఏడాది ఉపన్యాసం అయ్యాక ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె లేచి అడిగింది. "సార్, జైల్లో డాక్టరు ఉండడా?" పిల్లలు నవ్వారు. మాకు నవ్వు రాలేదు. స్టాఫ్ రూములో ఆ మాటే అనుకున్నాం. మాలో ఎవరి దగ్గరా జవాబు లేదు. ఇన్నేళ్ళు బిర్సా పోరాటం చెప్పాం, ఆయన చావు గురించి సర్కారు రాసిన ఒక్క మాటనే అలాగే అప్పచెబుతూ వచ్చాం. ఆ పిల్ల ప్రశ్న పట్టుకుని వెతికితే మాకు తెలిసింది మీతో పంచుకోవడానికే ఈ వ్యాసం.

జైలుకు ఎందుకు వెళ్ళాడు

బిర్సా 1875లో ఛోటా నాగపూర్‌లోని ఉలిహాతు గ్రామంలో పుట్టాడు. ఇప్పుడది జార్ఖండ్ రాష్ట్రం, ఖూంటీ జిల్లాలో ఉంది. ముండాల భూమి పద్ధతిని ఖుంట్‌కట్టీ అంటారు. అడవి కొట్టి పొలం చేసిన వంశానికే ఆ నేల మీద ఉమ్మడి హక్కు. జమీందారులు, ఠేకేదారులు, షావుకార్లు వచ్చాక ఆ హక్కు జారిపోయింది. సొంత నేలకే శిస్తు కట్టవలసి వచ్చింది, వెట్టి చేయవలసి వచ్చింది. అడవిని సర్కారు రిజర్వు చేసింది. మన్యంలో ముఠాల కింద, నిజాం రాజ్యంలో పట్వారీల కింద, జంగ్లాతు వాళ్ళ కింద మన తాతలు పడ్డ బాధే ఇది. బయటినుంచి వచ్చి దోచుకునేవాళ్ళను ముండాలు దికూలు అన్నారు.

1895లో బిర్సాను మొదటిసారి పట్టుకుని, రెండేళ్ళ కఠిన శిక్ష వేసి హజారీబాగ్ జైల్లో పెట్టారు. విడుదలయ్యాక మళ్ళీ ఊరూరా తిరిగాడు. 1899 క్రిస్మస్ ముందురోజు ఉల్‌గులాన్ మొదలైంది. ఉల్‌గులాన్ అంటే మహా తిరుగుబాటు. 1900 జనవరి 9న శైల్‌రకబ్ కొండ మీద చేరిన ముండాలపై సర్కారు బలగాలు కాల్పులు జరిపాయి. ఆ తర్వాత వారాల వ్యవధిలోనే బిర్సా పట్టుబడ్డాడు. ఆయనను పట్టిచ్చినవారికి 500 రూపాయలు ఇస్తామని సర్కారు ముందే చాటింపు వేసింది. బిర్సాతో పాటు వందలమంది ముండాలు జైలుపాలయ్యారు.

రాంచీ జైలు, 1900

ఒక సంగతి ముందుగా గుర్తుపెట్టుకోవాలి. రాంచీ జైల్లో చనిపోయేనాటికి బిర్సాకు ఆ కేసులో శిక్ష పడలేదు. ఆయన విచారణ ఖైదీ. నేరం రుజువు కాని మనిషి. వయసు పాతికేళ్ళు నిండలేదు.

మే నెలలోనే ఆయన ఒంట్లో బాగా లేదని చరిత్రకారులు రాశారు. జూన్ 9 ఉదయం ప్రాణం పోయింది. జైలు సూపరింటెండెంట్ కెప్టెన్ ఆండర్సన్ కలరా అని నివేదిక ఇచ్చాడు. శవాన్ని ఊరికి పంపలేదు. రాంచీలోనే తొందరగా పని ముగించారు. ఇప్పుడు రాంచీ కోకర్ దగ్గర ఆయన సమాధి ఉంది. ఆ పాత జైలును 2021లో మ్యూజియం చేశారు.

ముండాలు కలరా మాట నమ్మలేదు. విషం పెట్టి చంపారని అనుకున్నారు. ఈరోజుకీ ఆ ప్రాంతంలో చాలామంది అదే చెబుతారు. కలరా ముదిరితే గంటల్లో, ఒకటి రెండు రోజుల్లో మనిషిని తీసుకుపోతుంది. వారాలుగా నలతగా ఉన్న మనిషి చావుకు కలరా అని రాస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. విషమా, కలరానా అన్నది నూటపాతికేళ్ళ తర్వాత మనం ఇక్కడ కూర్చుని తేల్చలేం. అయితే ఆ వాదన దగ్గరే ఆగిపోతే అసలు అడగవలసింది అడగకుండా పోతాం.

కలరాయే అనుకుందాం. కలరా నీళ్ళతో వచ్చే జబ్బు. రాబర్ట్ కాక్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1884లో కలకత్తాలోనే, జనం వాడుకునే చెరువు నీళ్ళలో ఆ క్రిమిని కనిపెట్టాడు. అంటే బిర్సా చావుకు 16 ఏళ్ళ ముందే సర్కారుకు ఆ సంగతి తెలుసు. బయట ఉన్నవాడు ఈ వాగు కాకపోతే ఇంకో ఊట దగ్గరికి పోతాడు. ఖైదీ ఎక్కడికి పోతాడు? ఇచ్చిన కుండలో నీళ్ళే తాగాలి, పెట్టిన గదిలోనే పడుకోవాలి. కాబట్టి కలరా అని రాసినంత మాత్రాన జైలు బాధ్యత తీరిపోదు.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. అప్పటికి ఓఆర్ఎస్ పొట్లాలు లేవు. ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్ళతో కలరా రోగులను పెద్ద ఎత్తున బతికించవచ్చని 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ చేసి చూపించాడు. 1900లో మంచి డాక్టరు పక్కనే ఉన్నా కలరా రోగి బతుకుతాడన్న నమ్మకం లేదు. అందుకే మేము "ఎందుకు బతికించలేదు" అని అడగడం లేదు. "ఏం చేశారు, ఎప్పుడు చేశారు" అని అడుగుతున్నాం. ఈ ప్రశ్న మేము కొత్తగా పుట్టించింది కాదు. బ్రిటిష్‌వాళ్ళ చట్టమే అడిగింది.

చట్టం అడిగిన ప్రశ్నలు

ఆ చట్టం పేరు ప్రిజన్స్ యాక్ట్, 1894. బిర్సా చావుకు ఆరేళ్ళ ముందు వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చాక కూడా దశాబ్దాలపాటు మన జైళ్ళు దాని మీదే నడిచాయి.

దాని 37వ సెక్షన్ ప్రకారం, ఏ ఖైదీ అయినా డాక్టరు కావాలన్నా, ఒంట్లో బాగాలేనట్టు కనిపించినా, అతణ్ణి కనిపెట్టుకుని ఉన్న ఉద్యోగి ఆలస్యం లేకుండా జైలర్‌కు చెప్పాలి. జైలర్ ఆలస్యం లేకుండా వైద్య సిబ్బందికి చెప్పాలి. 38వ సెక్షన్ ప్రకారం డాక్టరు చెప్పినదంతా ఏ రోజుదారోజు ఖైదీ హిస్టరీ టికెట్‌లో ఎక్కించాలి. 39వ సెక్షన్ ప్రకారం ప్రతి జైలుకూ ఆసుపత్రి ఉండాలి.

ఇక 15వ సెక్షన్. ఖైదీ చనిపోతే వైద్యాధికారి రిజిస్టరులో రాయవలసిన వివరాలు ఇవి: జబ్బుగా ఉందని ఖైదీ మొదట ఏ రోజు చెప్పాడు? ఆ రోజు అతని చేత ఏ పని చేయించారు? ఏ తిండి పెట్టారు? ఆసుపత్రిలో ఏ రోజు చేర్చారు? వైద్యాధికారికి మొదట ఏ రోజు తెలిసింది? జబ్బేమిటి? చనిపోయే ముందు వైద్యాధికారి గానీ, అతని కింది ఉద్యోగి గానీ చివరిసారి ఎప్పుడు చూశారు? ప్రాణం ఎప్పుడు పోయింది? పోస్టుమార్టం చేస్తే ఏం కనిపించింది?

ఈ ప్రశ్నలను మరోసారి చదవండి. జబ్బేమిటి అన్నది అందులో ఒక్కటే. మిగతావి దాదాపు అన్నీ కాలానికి సంబంధించినవే. మొదట చెప్పింది ఎప్పుడు, విన్నది ఎప్పుడు, వచ్చింది ఎప్పుడు, పోయింది ఎప్పుడు. మన బడుల్లో మనం చెబుతున్నది ఆ ఒక్క ప్రశ్నకు జవాబు మాత్రమే. మిగతావాటి జవాబులు ఏ ముండా తండ్రికీ, తల్లికీ ఎవరూ చదివి వినిపించలేదు.

ఆ పిల్లకు ఇప్పుడు జవాబు చెప్పగలం. "ఉండాలమ్మా. చట్టం ప్రకారం డాక్టరు ఉండాలి, రిజిస్టరూ ఉండాలి." అయితే ఇంకో చిక్కు ఉంది. ఆ కాలంలో చాలా జిల్లాల్లో సివిల్ సర్జనే జైలు సూపరింటెండెంటుగా కూడా ఉండేవాడు. తాళం వేసేదీ ఆయనే, నాడి చూసేదీ ఆయనే, చావుకు కారణం రాసేదీ ఆయనే. తన పని మీద తానే తీర్పు రాసుకున్నట్టు. అలాంటి కాగితాన్ని జనం నమ్మకపోవడంలో వింత లేదు.

ఇదంతా మాకు ఎందుకు తొందరగా అర్థమైందంటే, మేము ఆశ్రమ పాఠశాలల్లో పనిచేసేవాళ్ళం. రాత్రి పదకొండింటికి ఒక పిల్లాడికి జ్వరం కాస్తుంది. పక్క పిల్లాడు వార్డెన్ తలుపు కొడతాడు. వార్డెన్ లేస్తాడా, పొద్దున చూద్దాంలే అంటాడా? ఏఎన్ఎంకు ఎప్పుడు ఫోన్ వెళ్ళింది? 108 ఎప్పుడు వచ్చింది? బండి రాకపోతే మోటార్ సైకిల్ మీదైనా తీసుకెళ్ళారా? సెరిబ్రల్ మలేరియా ఉన్న పిల్లాడి బతుకు ఆ నాలుగైదు గంటల్లోనే తేలిపోతుంది. తెల్లారి సిక్ రిజిస్టరులో "జ్వరం" అని రాస్తే రోగం పేరు తెలుస్తుంది గానీ ఆ రాత్రి ఏం జరిగిందో తెలియదు. తన ఇష్టంతో బయటికి పోలేని మనిషి మన చేతిలో ఉన్నప్పుడు, అతని ప్రాణానికి పూచీ మనదే. ఇది హాస్టలుకూ వర్తిస్తుంది, జైలుకూ వర్తిస్తుంది.

కొయ్యూరు నుంచి జరైకెలా దాకా

మన గడ్డ మీద జరిగినదీ చూద్దాం. 1922 నుంచి మన్యంలో సాగిన పితూరీలో అల్లూరి సీతారామరాజు పట్టుబడ్డాడు. పట్టుబడ్డ మనిషిని కోర్టుకు తీసుకుపోవాలి. 1924 మే 7న కొయ్యూరులో చెట్టుకు కట్టి కాల్చేశారు. పారిపోబోతుంటే కాల్చామని సర్కారు చెప్పింది. ఇక్కడ రిజిస్టరూ లేదు, డాక్టరూ లేడు. ఒక్క వాక్యంతో కథ ముగించారు.

అదే పితూరీలో పోరాడిన గాం మల్లుదొరను అండమాన్ పంపారు. ఆయన ప్రాణాలతో తిరిగి వచ్చాడు. 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. జైలు నుంచి బతికి వచ్చినవాడు తన కథ తానే చెప్పుకుంటాడు. రానివాడి కథ జైలు కాగితమే చెబుతుంది. అందుకే ఆ కాగితం మీద ఏముందో మనకు అక్కర.

పారిపోయాడన్న మాట స్వాతంత్ర్యంతో పోలేదు. 1987 డిసెంబరు 1న ఒడిశాలోని సుందర్‌గఢ్ జిల్లాలో సుమన్ బెహరా అనే 22 ఏళ్ళ యువకుణ్ణి పోలీసులు ఇంటినుంచి జరైకెలా ఔట్‌పోస్టుకు తీసుకెళ్ళారు. మర్నాడు అతని శవం రైలు పట్టాల మీద దొరికింది. ఒంటినిండా గాయాలు. రాత్రి మూడు గంటలకు తాడు కొరికి పారిపోయాడని, రైలు గుద్ది చనిపోయాడని పోలీసులు చెప్పారు.

అతని తల్లి నీలబతి బెహరా 1988 సెప్టెంబరు 14న సుప్రీంకోర్టుకు ఒక ఉత్తరం రాసింది. కోర్టు ఆ ఉత్తరాన్నే రిట్ పిటిషన్‌గా తీసుకుంది. 1993 మార్చిలో తీర్పు వచ్చింది. ఆ తీర్పులో కోర్టు పట్టుకున్నదేమిటో గమనించండి. నిజంగా పారిపోయి ఉంటే అతని కోసం వెతికినట్టు నమ్మదగిన సాక్ష్యం లేదు. పట్టాల మీద శవాన్ని పొద్దున్నే రైల్వే వాళ్ళు చూస్తే, పోలీసులు అక్కడికి వెళ్ళింది చాలా పొద్దెక్కాక. ఆ గంటల లెక్క దగ్గర పోలీసుల కథ నిలవలేదు. కస్టడీలో ఉన్న మనిషి ప్రాణానికి రాజ్యమే జవాబుదారీ అని చెప్పి, ఆ తల్లికి లక్షా యాభై వేల రూపాయల పరిహారం ఇవ్వమంది. కొడుకు రాలేదు. కానీ దేశంలో కస్టడీ చావులకు పరిహారం అడిగే ప్రతి వకీలూ ఇప్పుడు ఆ తల్లి పేరు మీద ఉన్న తీర్పునే చూపిస్తాడు.

ఆ తర్వాత ఒక్కొక్క మెట్టు వచ్చింది. కస్టడీలో మనిషి చనిపోతే 24 గంటల్లో తనకు తెలియజేయాలని జాతీయ మానవ హక్కుల కమిషన్ 1993 డిసెంబరులో జిల్లా అధికారులను ఆదేశించింది. అరెస్టు చేసినప్పుడు బంధువులకు చెప్పాలని, కస్టడీలో ఉన్నవారికి ప్రతి 48 గంటలకు వైద్య పరీక్ష చేయించాలని డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు 1996లో చెప్పింది. కస్టడీ చావుల మీద జ్యుడీషియల్ మేజిస్ట్రేట్ విచారణ జరపాలన్న సవరణ 2006 జూన్‌లో అమలులోకి వచ్చింది. ఇప్పుడు భారతీయ నాగరిక సురక్షా సంహితలో అది 196వ సెక్షన్. అరెస్టయిన మనిషి ఆరోగ్యం, భద్రత అతణ్ణి కస్టడీలో ఉంచుకున్నవారి బాధ్యత అని అదే చట్టం 56వ సెక్షన్ చెబుతుంది.

చట్టాలు వచ్చాక కూడా

చట్టాలు వచ్చాయి కదా, ఇంకేం అనుకోవద్దు. బిర్సా చనిపోయిన రాంచీ దగ్గరే బగైచా అనే కేంద్రం నుంచి ఆదివాసుల మధ్య పనిచేసిన జెసూట్ ఫాదర్ స్టాన్ స్వామి. విచారణ లేకుండా జైళ్ళలో మగ్గుతున్న ఆదివాసీ యువకుల గురించి అధ్యయనం చేసి, జార్ఖండ్ హైకోర్టుకు వెళ్ళారు. 2020 అక్టోబరు 8న భీమా కోరేగావ్ కేసులో ఆయన్నే అరెస్టు చేసి నవీ ముంబైలోని తలోజా జైలుకు పంపారు. అప్పటికి ఆయన వయసు 83. పార్కిన్సన్ జబ్బుతో చేతులు వణికి గ్లాసు పట్టుకోలేరు. నీళ్ళు తాగడానికి స్ట్రా, సిప్పర్ కావాలని నవంబరు 6న కోర్టును అడిగారు. జవాబు చెప్పడానికి దర్యాప్తు సంస్థ 20 రోజుల గడువు తీసుకుంది. తమ దగ్గర ఆ వస్తువులు లేవని చెప్పింది. సిప్పర్ ఇచ్చామని జైలు అధికారులు తర్వాత అన్నారు. నీళ్ళు తాగే గ్లాసు సంగతికి కోర్టు వాయిదాలు పడ్డాయంటే, ఇక జబ్బు సంగతి ఏమని చెప్పాలి?

2021 మే 21న ఆయన వీడియోలో బొంబాయి హైకోర్టు ముందు మాట్లాడారు. జైలుకు వచ్చినప్పుడు తన తిండి తాను తినేవాణ్ణని, నడిచేవాణ్ణని, రాసుకునేవాణ్ణని, ఇప్పుడు ఒక్కొక్కటే పోతున్నాయని చెప్పారు. మే 28న కోర్టు ఆయనను హోలీ ఫ్యామిలీ ఆసుపత్రికి తరలించమంది. అక్కడ పరీక్షిస్తే కొవిడ్ అని తేలింది. జూలై 5న, బెయిలు పిటిషన్ విచారణకు వచ్చిన రోజే, ఆయన చనిపోయారు. ఆయన కూడా విచారణ ఖైదీయే.

మరొకరి పేరు అంతగా వినబడలేదు. పాండు నరోటే. గోదావరి, ప్రాణహిత అవతల, మన కాళేశ్వరానికి ఎదురుగా మొదలయ్యే గడ్చిరోలి జిల్లాలోని మాడియా గోండు యువకుడు. అమలాపురంలో పుట్టిన ప్రొఫెసర్ సాయిబాబాతో పాటు అతనికీ 2017లో యావజ్జీవ శిక్ష పడింది. నాగపూర్ జైల్లో ఉండగా జ్వరం వచ్చింది. ఆసుపత్రికి ఆలస్యంగా తీసుకెళ్ళారని అతని తరఫువాళ్ళు అన్నారు. 2022 ఆగస్టు 25న స్వైన్ ఫ్లూతో చనిపోయాడు. వయసు 33.

సరిగ్గా 50 రోజులకు, అక్టోబరు 14న, బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచ్ ఆ కేసులో అందరినీ విడుదల చేయమంది. సుప్రీంకోర్టు ఆ తీర్పును ఆపి, మళ్ళీ వినమంది. 2024 మార్చి 5న హైకోర్టు మరోసారి అందరినీ నిర్దోషులుగా ప్రకటించింది. అందులో పాండు పేరూ ఉంది. అప్పటికి అతను పోయి ఏడాదిన్నర. సాయిబాబా బయటికి వచ్చి ఏడు నెలలకే, అక్టోబరు 12న, హైదరాబాదు నిమ్స్‌లో చనిపోయారు.

కోర్టు తప్పును సరిదిద్దుకోగలదు. కానీ దానికి మనిషి బతికి ఉండాలి. జైలు వైద్యం ఎందుకు అంత ముఖ్యమో ఈ ఒక్క సంగతి చెబుతుంది. దేశ జనాభాలో మన ఎస్టీలం 8.6 శాతం. శిక్షపడిన ఖైదీల్లో మన వాటా అంతకన్నా ఎక్కువ. కాబట్టి ఇది ఎక్కడో పెద్దవాళ్ళకు జరిగే సంగతి అనుకోవడానికి లేదు.

ఆ గంటల్లో ఏం జరగాలి

కస్టడీలో ఉన్న మనిషి ఉన్నట్టుండి పడిపోతే, ఊపిరి అందకపోతే, ఉరి వేసుకుంటే, సిబ్బంది చేయవలసిన పని పెద్ద శాస్త్రమేమీ కాదు. మొదట చూసినవాడు కేకవేసి సాయం పిలవాలి, మనిషిని వదిలి పోకూడదు. ఉరి అయితే వెంటనే శరీరాన్ని ఎత్తిపట్టి ముడి తప్పించాలి. పంచనామా అయ్యేదాకా ముట్టుకోకూడదనుకోవడం తప్పు, ముందు ప్రాణం. ఊపిరి లేకపోతే ఛాతీ మధ్య గట్టిగా, వేగంగా నొక్కుతూ ఉండాలి. 108కి ఫోన్ చేయాలి. పెద్దసారు అనుమతి కోసం, ఎస్కార్ట్ పోలీసుల కోసం బండి గేటు దగ్గర ఆగిపోకూడదు. మూర్ఛ, మత్తు మానేసినప్పటి వణుకు, పాముకాటు, గుండెనొప్పి వీటిని నటన అనుకోకూడదు. నటనో కాదో చెప్పవలసింది డాక్టరు. ప్రతి పనికీ పక్కన టైము రాయాలి.

ఇక కుటుంబం చేయవలసింది. మనవాళ్ళు అక్కడ ఏడుస్తూ నిలబడితే ఎవరో ఒక తెల్ల కాగితం మీద వేలిముద్ర వేయించుకుంటారు. చదవకుండా వేలిముద్ర వేయకూడదు. ఊళ్ళో చదువుకున్న కుర్రాడో, టీచరో పక్కన నిలబడాలి. ఈ ప్రశ్నలు రాసి ఇవ్వాలి: మొదట నలత అని ఎప్పుడు చెప్పాడు? ఎవరికి చెప్పాడు? డాక్టరు ఎన్నింటికి చూశాడు? ఆసుపత్రికి ఎన్నింటికి తీసుకెళ్ళారు? మాకు ఎప్పుడు చెప్పారు? హిస్టరీ టికెట్, ఆసుపత్రి కేస్‌షీటు, పోస్టుమార్టం రిపోర్టు నకళ్ళు అడగాలి. పోస్టుమార్టం వీడియో తీయాలని కోరాలి. మేజిస్ట్రేట్ విచారణ ఎప్పుడో కనుక్కుని వెళ్ళాలి. పోలీస్ స్టేషన్ అయితే సీసీ కెమెరా రికార్డింగు భద్రపరచమని వెంటనే రాసివ్వాలి. స్టేషన్లన్నిటిలో కెమెరాలు పెట్టమని సుప్రీంకోర్టు 2020లోనే ఆదేశించింది. ఎస్టీలకూ, కస్టడీలో ఉన్నవారికీ వకీలు ఖర్చు లేకుండా దొరుకుతాడు. న్యాయసేవల సంస్థ ఫోన్ నంబరు 15100. అది ప్రతి బడి గోడ మీదా ఉండాలి.

రెండు వైపులా మనవాళ్ళే

చివరిగా ఒక మాట. మా దగ్గర చదువుకున్న పిల్లల్లో కొందరు కేసుల్లో ఇరుక్కుని జైలుకు వెళ్ళారు. మరికొందరు కానిస్టేబుళ్ళయ్యారు, వార్డర్లయ్యారు. ఇప్పుడు కూడా సాయంత్రం గ్రౌండులో పరుగులు తీస్తూ ఆ ఉద్యోగాల కోసమే కష్టపడుతున్న కుర్రాళ్ళున్నారు. ఊచలకు అటూ ఇటూ మనవాళ్ళే ఉన్నారు. రాత్రి డ్యూటీలో ఒక్కడే వార్డరు, వందమంది ఖైదీలు, తాళంచెవి ఇంకొకరి దగ్గర ఉంటే ఆ కుర్రాడి కష్టం మాకు తెలియనిది కాదు. పైవాడు చేసిన ఆలస్యం కూడా చివరికి కిందివాడి మీదే పడుతుంది. అతణ్ణి కాపాడేదీ ఆ టైము రాసిన రిజిస్టరే. "రెండింటికి చెప్పాను, రెండూ ఐదుకు ఫోన్ చేశాను" అని నిజంగా రాసినవాడికి భయం ఉండదు.

కాబట్టి తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీరు ఖాకీ వేసుకున్న రోజున లోపలినుంచి "అన్నా, ఒంట్లో బాగా లేదు" అన్న గొంతు వినిపిస్తే లేవండి. ఆ గొంతు కోయదో, సవరదో, గోండుదో, ఎవరిదైనా సరే. వినగానే గడియారం చూడండి.

తోటి టీచర్లను ఒకటి కోరుతున్నాం. జూన్‌లో బడి తెరిచిన మొదటి వారంలోనే ఒక పీరియడు జూన్ 9కి ఇవ్వండి. కలరాతో పోయాడని ఒక్క ముక్క చెప్పి వదిలేయకండి. 1894 చట్టం అడిగిన ఆ ప్రశ్నలన్నీ బోర్డు మీద రాయండి. బిర్సా విషయంలో వాటికి జవాబులు మనకు ఎవరూ చెప్పలేదని పిల్లలకు చెప్పండి. ఆ ప్రశ్నలను వాళ్ళ నోట్సులో రాయించండి. బిర్సా చివరి గంటలు మనం రాయలేకపోయాం. రేపు మన ఊరి మనిషికి అలాంటి రాత్రి వస్తే, ఆ గంటలు రాయించడానికి మన పిల్లలకు ప్రశ్నలైనా తెలిసి ఉండాలి.